నురుగు ఆగేదాకా

కాంపౌండరుగారు రచ్చ గెలిచిన మనిషి. ఇంట గెలవడం ఒక్కటే మిగిలిపోయింది.

ఇరవై ఆరేళ్లుగా ఆయన ఆసుపత్రిలో పుళ్లు కడిగి కట్లు కడుతున్నారు. సైకిలు మీంచి పడ్డవాళ్లు, కూరగాయల కత్తికి వేలు అప్పగించినవాళ్లు, కొత్త చెప్పులు కరిచినవాళ్లు, అందరూ డాక్టరుగారి గది దాటుకుని నేరుగా ఆయన బల్ల దగ్గరికే వస్తారు. కట్టు కట్టించుకున్నాక అద్దంలో చూసుకుని మరీ వెళతారు. అంత అందంగా కడతారు. ఎవరైనా మెచ్చుకుంటే ఆయన ఎడం చేత్తో మీసం సవరించుకుంటారు. నల్లటి మీసం. ప్రతి ఆదివారం పొద్దున రంగు వేస్తే వారమంతా నల్లగా ఉండే మీసం.

ఇంటికొస్తే మాత్రం ఆ చేతిని ఎవరూ ఏ పనికీ పిలవరు.

ఆయన భార్యని వీధిలో అందరూ టైలరమ్మ అంటారు. ముందు గదిలో కిటికీ పక్కన ఆవిడ కుట్టుమిషను, మిషను చుట్టూ ఇరవై మూడు మొక్కలు. మిగతా ఇంట్లో మనుషులుంటారు. ఆ గదిలో మాత్రం మొక్కలుంటాయి, దయతలిచి మనుషుల్ని కూడా ఉండనిస్తాయి. అన్నిట్లోకీ పెద్దది మాన్‌స్టెరా. ఆకు చేటంత ఉంటుంది, ఆకు నిండా కత్తెరతో కోసినట్టు కంతలుంటాయి. తొమ్మిదేళ్ల కిందట వేలెడంత ముక్క తెచ్చి పెంచిందావిడ. దాని పేరే "పెద్దది." పదో తరగతి చదువుతున్న కూతురు "చిన్నది."

"వయసు నాకే ఎక్కువ కదమ్మా," అని కూతురు ఒకసారి అడిగింది.

"ఎత్తు దానికి ఎక్కువ," అంది తల్లి. చర్చ అక్కడితో ముగిసింది.

ఏటా గ్రంథాలయం హాల్లో ఇంటి మొక్కల పోటీ పెడతారు. మూడేళ్లుగా మొదటి బహుమతి ఎదురింటి హెడ్మాస్టారిదే. ఉద్యోగం నుంచి దిగిపోయాక పిల్లల్ని పెంచినట్టే మొక్కల్ని పెంచుతున్నారాయన. ఆయన కుండీలు కూడా వరసలో, ఎత్తుల ప్రకారం నిలబడతాయి. ఈ ఏడు టైలరమ్మ కూడా పేరిచ్చింది. ఇచ్చిన వారానికే, పోటీ ఇంకా నెల రోజులుందనగా, పెద్దదాని ఆకులు పసుపు రంగుకి తిరిగాయి. కుండీ తడితే నల్లని సన్నదోమలు లేస్తున్నాయి.

టైలరమ్మ కాస్త మట్టి తీసి వాసన చూసింది. "వేరు కుళ్లుతోంది. నీళ్లెక్కువయ్యాయి. నేను వారానికి ఒక్కసారే పోస్తానే," అంటూ భర్త వంక చూసింది.

కాంపౌండరుగారు ఫాను వంక చూశారు. రోజూ పొద్దున తను తాగగా మిగిలిన అరగ్లాసు నీళ్లు దాని మొదట్లో పోస్తున్నది ఆయనే. అంతా ప్రేమే.

"కుళ్లడమంటే పుండే కదే. నాకొదిలెయ్."

"అది మొక్కండీ. మోకాలు కాదు."

"ప్రాణమున్నదేదైనా ఒకటే."

"పోయినేడు ఫ్రిజ్ బాగుచేసినప్పుడు కూడా ఇదే అన్నారు."

మర్నాడు ఆవిడ ఊరెళ్లాల్సి వచ్చింది. చెల్లెలికి పాప పుట్టింది, మూడు రోజులు సాయంగా ఉండాలి. గుమ్మంలో సంచీ పట్టుకుని అప్పగింతలు మొదలుపెట్టింది. "స్టవ్ మీద పాలు పెట్టి పేపరు చదవకండి. కుర్చీకి తగిలించినది మాస్టారి కోటు. గుండీలు కుట్టాలి, పోటీ రోజున వేసుకుంటారట, దాని జోలికెళ్లకండి. పెద్దదాన్ని అసలు ముట్టుకోకండి. వచ్చాక నేనే కుండీలోంచి తీసి చూస్తాను."

"ఇన్ని వేలమందికి కట్టు కట్టాను. ఒక్కడి వేలైనా ఊడిందా?"

"వాళ్లెవరూ ఈ ఇంట్లో లేరు కదండీ," అని ఆవిడ చెప్పులేసుకుంది.

ఆ మాట ఆయన గుండెలో ముల్లులా దిగింది. ఊరంతా ఒళ్లు అప్పగిస్తుంది, కట్టుకున్నది కుండీ అప్పగించదు. సరే, మూడు రోజులుంది. ఆవిడ వచ్చేసరికి పెద్దది పచ్చగా నిలబడి ఉండాలి. అప్పుడు ఆవిడే తన నోటితో ఒక్క మంచిమాట అనాలి. ఎక్కువ అక్కర్లేదు, ఒక్కటి చాలు.

బస్సు మలుపు తిరగ్గానే కాంపౌండరుగారు మందుల షాపుకి వెళ్లి నాలుగు సీసాలు తెచ్చారు.

సీసా మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ అని ఉంటుంది. ఆ ఇంట్లో దాన్ని నురుగు మందు అంటారు. చూడ్డానికి నీళ్లలా అమాయకంగా ఉంటుంది. పుండు మీద పడితే బుసబుసమని తెల్లగా పొంగుతుంది. కూతురి చిన్నప్పటి దెబ్బలన్నీ ఆ నురుగులోనే మానాయి కనక ఆ పిల్లకి దాని మీద గౌరవమూ ఉంది, భయమూ ఉంది. ఫోనులో వెతికింది.

"నాన్నా, వేరుకుళ్లుకి వాడొచ్చనే రాశారు."

"చెప్పానా?"

"ఒక చెంచా మందుకి పెద్ద గ్లాసు నీళ్లు కలపాలట."

"నీళ్లెక్కువై జబ్బు చేస్తే మళ్లీ నీళ్లా? రాసినవాడు జన్మలో కట్టు కట్టి ఉండడు."

కాంపౌండరుగారి వృత్తికి ఒకటే సూత్రం. పుండు మీద మందు పొయ్యాలి. నురుగొస్తే లోపల ఇంకా చెడు ఉన్నట్టు, మళ్లీ పొయ్యాలి. నురుగు ఆగిందంటే పుండు శుభ్రపడ్డట్టు. ఇరవై ఆరేళ్లలో నురుగు ఆగని పుండు ఆయన చూడలేదు.

అయితే ఇరవై ఆరేళ్లలో ఆయన మట్టికి కట్టు కట్టలేదు.

ఆసుపత్రి తెల్లకోటు వేసుకుని, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, మొదటి సీసా పోశారు. కుండీ బుసకొట్టింది.

"చూశావా, ఎంత చీముందో."

"చీము కాదు నాన్నా, మట్టి. మట్టి నిండా సూక్ష్మజీవులే ఉంటాయని సైన్సు టీచరు చెప్పారు. ఎంత పోసినా పొంగుతూనే ఉంటుందేమో."

"మీ టీచరుకి చాకుపీసు తెలుసు. నాకు పుండు తెలుసు. నురుగు ఆగేదాకా పొయ్యాల్సిందే."

రెండో సీసా పోశారు. నురుగు కుండీ అంచు దాకా వచ్చి, గోడ మీంచి తొంగిచూసే పక్కింటావిడలా ఒక్క క్షణం ఆగి, ఇవతలికి దిగింది. మూడో సీసాకి కుర్చీ కాళ్ల దాకా నడిచింది. కూతురు తువ్వాలు పరిచింది, తువ్వాలు మునిగింది. ఆ పిల్ల పరీక్షల ముందు కూడా అంత కంగారు పడలేదు.

"ఆగట్లేదు నాన్నా."

"రోగం ముదిరింది. మందు వేరుదాకా వెళ్లట్లేదు."

నాలుగో సీసాని ఆయన పెద్ద సిరంజిలోకి ఎక్కించి సూది మట్టిలో లోతుగా గుచ్చారు. సూదికి వేరో రాయో అడ్డుపడింది. రెండు బొటనవేళ్లతో బలమంతా పెట్టి నొక్కారు. సూది ఊడి అవతల పడింది. మందు వెనక్కి చిమ్మి సగం కుర్చీ మీద పడింది, సగం ఆయన మూతి మీద పడింది. నిండా మునిగినవాడికి చలేముంటుంది. ఆయన ఎడం చేత్తో మీసం తుడుచుకుని, అదే చేత్తో మళ్లీ మళ్లీ తుడుచుకుని, గాజుగుడ్డ తీసి పెద్దదాని మొదలుకి కట్టు కట్టారు. కట్టు మాత్రం చూడముచ్చటగా వచ్చింది.

ఆసుపత్రి పద్ధతి ప్రకారం మంచం కాళ్ల దగ్గర ఉండాల్సిన కాగితం కుండీకి వేలాడదీశారు. ఆయన చెబితే కూతురు రాసింది. రోగి పేరు, పెద్దది. వయసు, తొమ్మిది. పరిస్థితి, నిలకడ.

మర్నాటికి మూడు ఆకులు మెడలు వాల్చేశాయి.

"ఏం రాయను నాన్నా?"

"విశ్రాంతి తీసుకుంటోందని రాయి."

మధ్యాహ్నానికి కిటికీలోంచి ఎండ కుర్చీ మీద పడింది. మాస్టారి కోటు ముదురు నీలం. దాని ఛాతీ మీద మాత్రం గోధుమ రంగు చుక్కలు ఒకటొకటిగా తేలుతున్నాయి, సాయంత్రం చుక్కలు పొడిచినట్టు. కూతురు ముందు కోటు చూసింది. తరవాత తండ్రిని చూసింది.

"నాన్నా, నీ మీసం తుప్పు పట్టింది."

అద్దంలో ఎడమ వైపు సగం మీసం రాగి చెంబు రంగులో మెరుస్తోంది. కుడి వైపు సగం యథాతథంగా నల్లగా ఉంది. ఒకే మూతి మీద ఇద్దరు మనుషులు కాపురమున్నట్టుంది.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. అయినా వృత్తి తెలిసినవాడు ఊరికే కూర్చోడు. ఆసుపత్రిలో నోటిపూతకి పూసే ఊదా రంగు మందు ఒకటుంది. నీలం మీద ఊదా కలిసిపోతుందని లెక్కకట్టి, దూదితో ఒక్కో చుక్కా అద్దారు. తడిగా ఉన్నంతసేపూ కలిసింది. ఆరాక నెమలి మెడలా తళతళలాడింది. మీసం జోలికి ఆ మందు తీసుకెళ్లవద్దని కూతురు చేతులు పట్టుకుంది.

మూడో రోజు సాయంత్రం టైలరమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఆ మీసం ఎవరిది?"

"ఎండలు ఎక్కువగా ఉన్నాయే."

"ఎడమ వైపే కాశాయా?"

కాంపౌండరుగారు తేలు కుట్టిన దొంగలా నిలబడ్డారు. ఆవిడ లోపలికొచ్చింది. కోటు చూసింది. కట్టు చూసింది. వేలాడుతున్న కాగితం చదివింది. "పరిస్థితి, విశ్రాంతి," అని పైకి చదివి, నాలుగు ఖాళీ సీసాలూ వరసగా మిషను మీద పెట్టింది. అరవలేదు. అరిచి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

"కుండీ ఎత్తి బోర్లించండి," అంది.

బోర్లించారు. వేర్లు చాలావరకు గోధుమ రంగులో జారిపోతున్నాయి. తొమ్మిదేళ్ల మొక్క అలా నేల మీద పడుకుని ఉంటే కాంపౌండరుగారు వాలిన ఆకొకటి అరచేత్తో ఎత్తి పట్టుకున్నారు.

"తప్పు నాదేనే. రోజూ నీళ్లు పోసింది కూడా నేనే. పోటీకి నీ పేరు రాసుకున్నారు. నా చేత్తో నేనే పాడుచేశాను."

టైలరమ్మ తన కుట్టు కత్తెర తీసి, దీపం మంట మీద చూపించి, ఆయన చేతిలో పెట్టింది. ఆ కత్తెరని ఆవిడ కన్నకూతురికి కూడా ఇవ్వదు.

"ఇందులో చచ్చిందేదో, బతికుందేదో చూసి చెప్పండి. చచ్చింది మాత్రమే కొయ్యండి."

కాంపౌండరుగారు నేల మీద చతికిలబడ్డారు. ఒక్కో వేరునీ రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కారు. మెత్తగా జారిందాన్ని కత్తిరించారు, గట్టిగా నిలిచిందాన్ని వదిలారు. ఇది ఆయనకి తెలిసిన పనే. కుళ్లిన కండ ఎక్కడ ఆగుతుందో, మంచి కండ ఎక్కడ మొదలవుతుందో ఆయన వేళ్లకి తెలుసు. గంట పట్టింది. చివరికి రెండు ఆకులున్న జానెడు కొమ్మ, దానికి పచ్చిగా ఉన్న మూడు వేర్లు మిగిలాయి. కూతురు చెంచాతో కొలిచింది, గ్లాసుతో కొలిచింది. ఒక చెంచా మందు, ఒక పెద్ద గ్లాసు నీళ్లు. ఆ నీళ్లలో వేర్లు ముంచి తీస్తే నాలుగు బుడగలు వచ్చి మర్యాదగా ఆగిపోయాయి.

కొమ్మని గాజు సీసాలో మంచినీళ్లలో నిలబెట్టారు. కాంపౌండరుగారు భార్య మొహం వంక ఆశగా చూశారు.

"ఊఁ," అంది ఆవిడ. మాస్టారి కోటు తీసుకుని మిషను దగ్గరికి వెళ్లిపోయింది.

తరవాతి మూడు వారాలూ కాంపౌండరుగారు సీసా పక్కనుంచి కదల్లేదు. ఆసుపత్రికి వెళ్లేముందు చూడటం, వచ్చి చెప్పులిప్పకుండా చూడటం. చెప్పిన రోజునే నీళ్లు మార్చారు. మిషనుకి నూనె వేశారు. పాలు పొంగనివ్వలేదు. ఆవిడ కాజాలు కుట్టుకుంటుంటే సూదిలో దారం ఎక్కించి ఇచ్చారు. మీసం పూర్తిగా తీసేశారు. ఆసుపత్రిలో పాత రోగులు ఆయన్ని గుర్తుపట్టక, "కాంపౌండరుగారు లేరా?" అని ఆయన్నే అడిగారు. ఇరవయ్యో రోజున వేరు చివర తెల్లగా, బియ్యపు గింజంత కొత్త మొన కనబడింది. ఆయన కూతుర్ని నిద్ర లేపి మరీ చూపించారు.

"ఈ రెండాకులతో బహుమతి రాదు, నాకు తెలుసు," అన్నారు. "పోటీ బల్ల మీద మీ అమ్మ పేరుతో ఒక కుండీ అయినా ఉండాలి. అంతే."

కూతురు ఏదో చెప్పబోయి, తల్లి కళ్లు చూసి, పళ్లు తోముకోవడానికి వెళ్లిపోయింది.

పోటీ రోజు పొద్దున కాంపౌండరుగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, గాజు సీసాని రెండు చేతులా పట్టుకుని, పురిటిబిడ్డని మోస్తున్నట్టు వీధిలోకి దిగారు. టైలరమ్మ తిన్నగా హాలు వైపు వెళ్లకుండా ఎదురింటి గేటు తీసింది. లోపల్నుంచి మాస్టారు, టైలరమ్మ చెరో వైపు పట్టుకుని ఒక కుండీ మోసుకొచ్చారు. అందులో నిలువెత్తు మాన్‌స్టెరా. చేటంత ఆకులు ఏడు. ఒక్కటి కూడా పసుపు లేదు.

కాంపౌండరుగారు నడివీధిలో నిలబడిపోయారు. "ఇదెక్కడిదే?"

"మనదే. పిలక వేసి ఆ కుండీలో రెండు మొక్కలయ్యాయి. రెండు నెలల కిందట ఒకటి విడదీసి మాస్టారి వరండాలో పెట్టాను."

"రెండు నెలల కిందటా? ఎందుకు?"

"మీరు తాగిన గ్లాసు దాని మొదట్లో వంచడం ఆ రోజే చూశాను."

కాంపౌండరుగారు చేతిలోని సీసా వంక, నిలువెత్తు మొక్క వంక చూశారు. "చూసినదానివి నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అన్నానండీ. నీళ్లెక్కువవుతున్నాయేమో అన్నాను. అయితే గాలి తగలాలని ఫాను కూడా వేశారు."

"మొక్క సగమైతే నాకు తెలీకపోవడమేమిటే?"

"తెలిసింది. బక్కచిక్కిందేమిటి అని అడిగారు. డైటింగు చేస్తోందన్నాను. మంచిదే అన్నారు."

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "కొలగ్లాసుతో పోశాను కాంపౌండరూ. శనివారం శనివారం. నీకు చెప్పొద్దని మీ ఇంట్లో ఆజ్ఞ."

మొక్కని పోటీలో ఉన్న మనిషికిచ్చింది గానీ కట్టుకున్నవాడికి ఇవ్వలేదు. కూతురి వంక చూస్తే ఆ పిల్ల ఆకాశంలో కాకుల్ని లెక్కపెడుతోంది.

"మరి ఈ మూడు వారాలూ నన్ను నిద్రాహారాలు లేకుండా తిప్పడమెందుకే?"

"ఆహారం బాగానే తిన్నారు," అంది టైలరమ్మ. "పెళ్లయ్యాక మీరు ఇంత బుద్ధిగా ఉన్నది ఈ మూడు వారాలే. పాడుచేసుకోవడం నాకిష్టం లేకపోయింది."

మొదటి బహుమతి టైలరమ్మకే వచ్చింది. పేరు పిలవగానే హాల్లో అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది కాంపౌండరుగారు. చేతిలో సీసా ఉంది కనక తొడ మీద కొట్టుకున్నారు. తొమ్మిదేళ్లు ఆవిడ మిషను తొక్కుతూ ఒక కన్ను దాని మీదే ఉంచడం ఆయన చూశారు. ఈ హాల్లో ఆ సంగతి తెలిసింది ఆయనొక్కరికే. మోసపోయానన్న కోపం గుండెల్లో ఎక్కడైనా ఉందేమోనని వెతుక్కున్నారు. దొరకలేదు. ఛాతీ మాత్రం చొక్కా గుండీలు పట్టనంత పొంగింది.

రెండో బహుమతి వచ్చిన మాస్టారు కూడా తక్కువ పొంగలేదు. "నా వరండాలో పెరిగింది, నా చేతి నీళ్లు తాగింది. నేనే గెలిచినట్టు," అంటూ కోటు ఛాతీ చూపిస్తున్నారు. చుక్కలున్నంత మేరా టైలరమ్మ ఆకుపచ్చ దారంతో కంతల ఆకు ఒకటి కుట్టేసింది. పోటీ కోసం అభిమానంతో కుట్టిందని ఆయన నమ్మకం. ఆకు కింద ఏముందో తెలిసిన ముగ్గురూ ఆ నమ్మకాన్ని గౌరవించారు.

జనం పెద్ద మొక్కని చూసి తలూపి వెళ్లిపోతున్నారు గానీ, దాని పక్కన బల్ల మీద పెట్టిన గాజు సీసా దగ్గరికొచ్చేసరికి ఆగుతున్నారు. వంగి తెల్లటి కొత్త వేర్లని చూస్తున్నారు. పక్కనే కూతురు అందమైన అక్షరాలతో రాసిన చీటీ ఉంది. వేరుకుళ్లు, కోసి బతికించినవారు కాంపౌండరుగారు.

"నిజంగా మీరేనా?" అంది రొట్టెల దుకాణం ఆవిడ. "మా ఇంట్లో ఒకటి ఇలాగే కుళ్లుతోంది."

ఇక ఆయన్ని ఆపేవాళ్లెవరు. "ఒక చెంచా మందు, ఒక పెద్ద గ్లాసు నీళ్లు. అంతకుమించి ఒక్క చుక్క వెయ్యకూడదు. చాలామంది తెలిసీ తెలీక సీసాలకి సీసాలు పోసేస్తారు," అని తల బాధగా ఆడించారు. కూతురికి పొలమారింది.

"మా మొక్కని తీసుకురమ్మంటారా?" అంది ఆవిడ. ఆయనకంటే ముందు టైలరమ్మ జవాబు చెప్పింది.

"తప్పకుండా తీసుకురండి. చచ్చిన వేరేదో, బతికిన వేరేదో మా ఆయన వేళ్లకి తెలిసినంత ఈ హాల్లో ఎవరికీ తెలీదు. నాకు కూడా తెలీదు."

కాంపౌండరుగారు చెయ్యెత్తి, మీసం లేని మూతి మీద ఏం చెయ్యాలో తెలీక, మళ్లీ దించేశారు. ఇన్నేళ్లకి అంది. అదీ పదిమందిలో.

"ఆదివారాలు ఇంట్లోనే ఉంటారు," అని టైలరమ్మ చుట్టూ చూసి గొంతు పెంచింది. "ఎవరి మొక్కకి బాగా లేకపోయినా తీసుకురండి. కత్తెర ఆయనకిస్తాను. మందు సీసా మాత్రం నా దగ్గరుంటుంది."